లీటరు గాలికి ఎన్ని మంచు స్ఫటికాలు? మీ సొంత చల్లని మేఘాన్ని కంప్యూటర్‌లో రాసుకోవడం

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం నేను రాసిన మొదటి మేఘం మోడల్ మైనస్ 20 డిగ్రీల దగ్గర లీటరు గాలికి 1100కు పైగా మంచు స్ఫటికాలు చూపించింది. నేను వాడిన సూత్రం ప్రకారం అక్కడ ఉండాల్సినవి రెండు. గ్రాఫ్ మాత్రం చాలా బాగా వచ్చింది. ద్రవనీటి గీత మెల్లగా దిగింది, మంచు గీత లేచింది, క్లాసులో బోర్డు మీద గీసిన బొమ్మలాగే రెండూ ఒకదాన్నొకటి దాటుకున్నాయి. అందువల్ల తప్పు ఉందన్న అనుమానమే మూడు వారాలు రాలేదు. ఆ తప్పు ఏమిటో, ఎలా దొరికిందో కింద వివరంగా రాశాను. ఈ పని మొదలుపెట్టే వాళ్లలో చాలామంది అక్కడే పడతారు.

మొన్న అనంతపురం నుంచి ఒక జూనియర్ ఫోన్ చేసింది. "అక్కా, డబ్ల్యూఆర్‌ఎఫ్ రన్ అయింది. ఐస్ కూడా వచ్చింది. అది ఎలా పుట్టిందని సార్ అడిగితే మాత్రం చెప్పలేకపోయాను" అంది. చాలా టెన్షన్‌లో ఉంది. డబ్ల్యూఆర్‌ఎఫ్ లాంటి పెద్ద వాతావరణ మోడల్‌ని రన్ చేయడం నేర్పే వాళ్లు దొరుకుతారు. దాని లోపల మంచు పుట్టే ఆ నాలుగు లైన్లను చూపించే వాళ్లు తక్కువ. అందుకే ముందు ఒకే ఒక గాలి పార్సెల్‌తో (చుట్టూ ఉన్న గాలితో కలవకుండా పైకి లేచే గాలి ముద్ద అనుకోండి) సొంత మోడల్ రాసుకోమని నా సలహా. రెండు శనాదివారాల పని. 8 జీబీ ల్యాప్‌టాప్, పైథాన్, నంపై, సైపై, మాట్‌ప్లాట్‌లిబ్ చాలు. పక్కన ఒక నోటుబుక్కు, పెన్ను కచ్చితంగా ఉండాలి, ఎందుకంటే ప్రతి అడుగులో చేత్తో వేసిన లెక్క ఒకటి ఉంటుంది.

ఒక మాట ముందే చెప్పాలి. తెలుగులో పొగమంచునీ మంచే అంటాం, తెల్లవారుజామున గడ్డి మీద పడేదాన్నీ మంచే అంటాం, హిమాలయాల మీద ఉన్నదాన్నీ మంచే అంటాం. ఈ వ్యాసంలో మంచు అంటే గడ్డకట్టిన నీరు మాత్రమే.

ముందు రెండు గీతలు గీయండి

నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడుతుందని చిన్నప్పుడు చదువుకున్నాం. మేఘంలోని బిందువులకు అది వర్తించదు. పది మైక్రాన్ల శుభ్రమైన నీటి బిందువు మైనస్ 35 దగ్గర కూడా ద్రవంగానే ఉండగలదు. దాన్ని సూపర్‌కూల్డ్ నీరు అంటారు. సుమారు మైనస్ 38 దగ్గరికి వచ్చేసరికి ఏ ఆధారం లేకపోయినా అది తనంతట తానే గడ్డకడుతుంది. సున్నాకీ మైనస్ 38కీ మధ్య గడ్డకట్టాలంటే ఎడారి ధూళి రేణువో, మట్టి రేణువో, కొన్ని రకాల బ్యాక్టీరియానో లోపల ఉండాలి. అలాంటి కణాలని ఈ రంగంలో ఐఎన్‌పీ (ఐస్ న్యూక్లియేటింగ్ పార్టికల్స్) అంటారు. నేనూ అదే వాడతాను.

మీ మోడల్‌లో మొదటి ఫంక్షన్లు రెండు: ద్రవనీటి మీద సంతృప్త బాష్పపీడనం, మంచు మీద సంతృప్త బాష్పపీడనం. 2005లో మర్ఫీ, కూప్ ఇచ్చిన సూత్రాలు వాడండి. అవి చాలా తక్కువ ఉష్ణోగ్రతల్లో కూడా పనికొస్తాయి. మంచు సూత్రం చిన్నదే (టి కెల్విన్‌లో, జవాబు పాస్కల్స్‌లో, లాగ్ అంటే సహజ లాగరిథమ్):

లాగ్(మంచు పీడనం) = 9.550426 − 5723.265 ÷ టి + 3.53068 × లాగ్(టి) − 0.00728332 × టి

టి దగ్గర 253.15 పెట్టి చేత్తో ఒకసారి వేయండి. 103 పాస్కల్స్ రావాలి. అదే మైనస్ 20 దగ్గర ద్రవనీటి సూత్రం 125 చుట్టూ ఇవ్వాలి. ఈ రెండు సంఖ్యలు సరిపోయే దాకా ముందుకు వెళ్లకండి. కెల్విన్ బదులు సెల్సియస్ పెట్టడం, సహజ లాగ్ బదులు పది ఆధారంగా ఉన్న లాగ్ వాడటం లాంటి తప్పులన్నీ ఇక్కడే బయటపడతాయి.

ఇప్పుడు సున్నా నుంచి మైనస్ 40 దాకా రెండు గీతలూ గీసి, వాటి మధ్య తేడాని మూడో గీతగా గీయండి. తేడా మైనస్ 12 దగ్గర అత్యధికంగా, దాదాపు 27 పాస్కల్స్ ఉంటుంది. ఆ తేడాలోనే ఈ కథంతా ఉంది. నీటి బిందువుకి సరిగ్గా సరిపోయే తేమ మంచు స్ఫటికానికి ఎక్కువ. మైనస్ 20 దగ్గర మంచు లెక్కలో ఆ గాలి 21 శాతం అతిసంతృప్తం. కాబట్టి స్ఫటికం ఆవిరిని తీసుకుని పెరుగుతుంది, చుట్టూ ఉన్న బిందువులు ఆవిరై ఆ లోటు పూడుస్తాయి. 1911లో వెగెనర్ ఈ ఆలోచన చెప్పాడు. ఖండాలు కదులుతాయని చెప్పిన వెగెనరే. తర్వాత బెర్జెరాన్, ఫిండైసన్ దాన్ని వర్షం పుట్టుకతో ముడిపెట్టారు.

పార్సెల్‌ని ఎక్కడ నుంచి మొదలుపెట్టాలి

ఊహించిన సంఖ్యల కంటే మన ఆకాశం సంఖ్యలు వాడితే పని మీద ప్రేమ కలుగుతుంది. విశాఖపట్నం, హైదరాబాద్ నుంచి బెలూన్లతో తీసిన కొలతలు వయోమింగ్ యూనివర్సిటీ వాళ్ల ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. విశాఖ స్టేషన్ నంబరు 43150, హైదరాబాద్‌ది 43128. వడగళ్లు పడిన ఏదో ఒక ఏప్రిల్ రోజు తీసుకుని చూడండి. 500 హెక్టోపాస్కల్స్ ఎత్తు, అంటే భూమికి ఐదున్నర ఆరు కిలోమీటర్ల పైన, ఉష్ణోగ్రత మైనస్ 5కి అటూ ఇటూ కనిపిస్తుంది. కింద నలభై డిగ్రీల ఎండ కాస్తున్న రోజు కూడా అంతే.

నేను ఎప్పుడూ వాడే ప్రారంభం ఇది: పీడనం 500 హెక్టోపాస్కల్స్, ఉష్ణోగ్రత మైనస్ 5, గాలి ద్రవనీటికి సంతృప్తం, కిలో గాలికి 1 గ్రాము ద్రవనీరు, ఘన సెంటీమీటరుకి 250 బిందువులు, మంచు సున్నా, పైకి లేచే వేగం సెకనుకి 2 మీటర్లు. ఈ లెక్కన ఒక్కో బిందువు వ్యాసార్ధం 8.5 మైక్రాన్లు అవుతుంది. ఇది కూడా చేత్తో వేసి చూసుకోండి.

పార్సెల్ పైకి వెళ్తుంటే పీడనం తగ్గుతుంది, గాలి వ్యాకోచించి చల్లబడుతుంది, ఆవిరి నీరుగా మారుతూ గుప్తోష్ణం వదులుతుంది. పొడి గాలి అయితే కిలోమీటరుకి 9.8 డిగ్రీలు పడిపోయేది. మైనస్ 5, 500 హెక్టోపాస్కల్స్ దగ్గర ఈ తడి పార్సెల్ 5.7 డిగ్రీలే పడుతుంది. పైకి పోయే కొద్దీ ఆవిరి తగ్గుతుంది కాబట్టి మైనస్ 15 దగ్గర అది 6.7 అవుతుంది. 2 మీటర్ల వేగంతో సుమారు 20 నిమిషాల్లో మైనస్ 20కి చేరాలి. మీ మోడల్‌కి పదమూడు నిమిషాలే పడితే గుప్తోష్ణం ఎక్కడో వదిలేశారన్నమాట.

ఒక ముఖ్యమైన జాగ్రత్త: సంఖ్యలన్నీ లీటరుకి కాకుండా కిలో గాలికి దాచుకోండి. పార్సెల్ వ్యాకోచిస్తుంది కాబట్టి లీటరుకి ఎన్ని అన్నది ఏ కణం పుట్టకపోయినా, చావకపోయినా మారిపోతుంది. కిలోకి ఎన్ని అన్నది మారదు. మొదలుపెట్టిన చోట గాలి సాంద్రత ఘనమీటరుకి 0.65 కిలోలు, అంటే లీటరుకి 1 స్ఫటికం కిలోకి సుమారు 1540 స్ఫటికాలకి సమానం. గ్రాఫ్ గీసేటప్పుడు మాత్రమే లీటరుకి మార్చుకోండి.

బిందువుల సంగతి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఇన్ని బిందువులు ఉన్న మేఘంలో గాలిలో ఏ కాస్త ఆవిరి ఎక్కువైనా ఒకటి రెండు సెకన్లలో అవి తాగేస్తాయి. నీటి మీద అతిసంతృప్తత అర శాతం కూడా దాటదు. కాబట్టి ద్రవనీరు ఉన్నంతసేపు గాలిని నీటికి సరిగ్గా సంతృప్తం అనుకుని, ఎక్కువైన ఆవిరిని బిందువులకి, తక్కువైతే బిందువుల నుంచి గాలికి సర్దేయవచ్చు. బిందువు బిందువుకీ సమీకరణం రాయాలనుకుంటే సైపైలో స్టిఫ్ సమీకరణాల (కొన్ని మార్పులు చాలా వేగంగా, కొన్ని చాలా నెమ్మదిగా జరిగే వాటి) కోసం ఉన్న పద్ధతి ఎంచుకోండి. మామూలు పద్ధతితో ప్రోగ్రాం కదలకుండా కూర్చుంటుంది.

మొదటి మంచు: ఇక్కడ నిలబడి ఆలోచించండి

ఎన్ని స్ఫటికాలు పుట్టాలి? దీనికి ఒకే జవాబు లేదు. ఆ విషయం మీ చేతులతో మీరే చూడాలని మూడు సూత్రాలూ వరసగా రాసుకోమంటున్నాను. "చలి" అంటే సున్నాకి ఎన్ని డిగ్రీల కింద ఉన్నామో ఆ సంఖ్య. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగు అక్షరాల్లో కూడా పెట్టుకోవచ్చు, నా ప్రోగ్రాంలో దాని పేరు నిజంగానే చలి.

ఫ్లెచర్, 1962: లీటరుకి 0.00001 × ఎక్స్‌పొనెన్షియల్(0.6 × చలి)

కూపర్, 1986: లీటరుకి 0.005 × ఎక్స్‌పొనెన్షియల్(0.304 × చలి)

డిమాట్ బృందం, 2010: లీటరుకి 0.0000594 × (చలి ఘాతం 3.33) × (ధూళి ఘాతం (0.0264 × చలి + 0.0033))

మూడో దాంట్లో ధూళి అంటే ఘన సెంటీమీటరులో అర మైక్రాను కంటే పెద్ద కణాలు ఎన్ని ఉన్నాయో. అది 1 అనుకుని మూడూ లెక్కపెట్టండి. మైనస్ 20 దగ్గర ఫ్లెచర్ 1.6 ఇస్తుంది, కూపర్ 2.2, డిమాట్ 1.3. ముగ్గురూ ఒకే మాట చెప్పినట్టుంది కదా. ఇప్పుడు మైనస్ 10కి రండి. ఫ్లెచర్ 0.004, కూపర్ 0.1, డిమాట్ 0.13. మైనస్ 30కి వెళ్లండి. ఫ్లెచర్ 650 దాటిపోతుంది, కూపర్ 46 దగ్గర ఆగుతుంది, డిమాట్ 5 కూడా ఇవ్వదు. ఒకే ఆకాశం, ఒకే ఉష్ణోగ్రత, జవాబుల మధ్య 130 రెట్ల తేడా.

నా ఎంపిక చెప్తాను. నేర్చుకునేటప్పుడు కూపర్ వాడండి, ఎందుకంటే రేపు డబ్ల్యూఆర్‌ఎఫ్‌లో మేఘపు నీరు, మంచు లెక్కలు చేసే మోరిసన్ స్కీమ్‌లో మీకు అదే ఎదురవుతుంది. నిజమైన ప్రశ్నకి జవాబు వెతికేటప్పుడు మాత్రం ధూళిని లెక్కలోకి తీసుకునేదే వాడండి. థార్ ఎడారి ధూళి వచ్చిన రోజుకీ, రెండు వారాలు వాన కురిసి గాలి కడిగేసిన రోజుకీ ఐఎన్‌పీ ఒకటే అని చెప్పే సూత్రాన్ని మన దేశం మేఘాలకి వాడటం నాకు నచ్చదు. డిమాట్ సూత్రంలో ధూళి 1 బదులు 10 పెట్టి చూడండి, మైనస్ 20 దగ్గర 1.3 కాస్తా 4.3 అవుతుంది. అయితే ఆ సూత్రంలోని లీటరు, ఘన సెంటీమీటరు రెండూ ప్రామాణిక పీడన, ఉష్ణోగ్రతల దగ్గరివి. 500 హెక్టోపాస్కల్స్ దగ్గరి అసలు లీటరులో ఉండేది సుమారు సగమే. ఇది మర్చిపోయి రాసిన రిపోర్టులు నేను చూశాను.

ఖనిజ ధూళికే ప్రత్యేకంగా ఇంకో దారి ఉంది. 2012లో నీమాండ్ బృందం ధూళి రేణువు ఉపరితలం మీద చదరపు మీటరుకి ఎన్ని చురుకైన చోట్లు ఉంటాయో చెప్పే సూత్రం ఇచ్చింది: ఎక్స్‌పొనెన్షియల్(0.517 × చలి + 8.934). జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ఐడా అనే 84 ఘనమీటర్ల మేఘపు గదిలో చేసిన ప్రయోగాల నుంచి వచ్చిందది. మైనస్ 12 నుంచి మైనస్ 36 దాకా మాత్రమే వాడాలి. ఒక మైక్రాను వ్యాసం ఉన్న రేణువులు లీటరుకి 1000 ఉంటే మైనస్ 20 దగ్గర వాటిలో 0.74 గడ్డకట్టిస్తాయి. అంటే వెయ్యిలో ఒకటి కూడా కాదు. ఈ సంఖ్య వచ్చినప్పుడు నేను చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. అంత అరుదైన ఒక రేణువు చుట్టూ లక్షల బిందువులు గడ్డకట్టకుండా తేలుతూ ఉంటాయి, వాటి నీరంతా చివరికి దానికే చేరగలదు.

నా 1100 ఎక్కడి నుంచి వచ్చాయి

సూత్రం మైనస్ 20 దగ్గర లీటరుకి 2.2 అంటే, అక్కడికి చేరేసరికి మొత్తం 2.2 పుట్టి ఉండాలని అర్థం. నేను ప్రతి టైమ్ స్టెప్‌లో (మోడల్ ఒక్కో అడుగుకి ముందుకు జరిగే కాలం) ఆ సంఖ్యని కొత్తగా కలుపుకుంటూ పోయాను. నా స్టెప్ అర సెకను. చివరి మూడు డిగ్రీలు చల్లబడటానికే కొన్ని వందల స్టెప్పులు పడుతుంది, ప్రతి స్టెప్‌లోనూ ఒకటి, ఒకటిన్నర, రెండు చొప్పున కలిశాయి. వెరసి 1100 పైన.

ఎలా దొరికిందంటే, గ్రాఫ్ ఇంకా నున్నగా రావాలని స్టెప్‌ని పావు సెకను చేశాను. మంచు 2300 అయింది. స్టెప్ సగం చేస్తే మంచు రెట్టింపు! ప్రకృతికి నా టైమ్ స్టెప్ ఎంతో తెలియదు కదా. అప్పుడు తెలిసింది. అప్పటికి ఆ గ్రాఫులు సెమినార్‌లో చూపించేశాను కూడా. నిజమైన మేఘాల్లో కొన్నిసార్లు లీటరుకి వందల స్ఫటికాలు విమానాలు కొలిచాయి కాబట్టి అక్కడున్న ఎవరికీ 1100 మరీ వింతగా అనిపించలేదు. మర్నాడు మా గైడ్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పి, కొత్త గ్రాఫులు ఇచ్చాను.

సరైన లైను ఇది:

కొత్త మంచు = గరిష్ఠం(0, సూత్రం చెప్పిన సంఖ్య − ఇప్పటిదాకా వాడిన ఐఎన్‌పీ)

ఇక్కడ రెండో పొరపాటుకి తావుంది. చాలామంది "ఇప్పటిదాకా వాడిన ఐఎన్‌పీ" బదులు "ప్రస్తుతం ఉన్న మంచు స్ఫటికాలు" తీసేస్తారు. పార్సెల్‌లోంచి ఏదీ బయటికి పోనంతవరకు రెండూ ఒకటే. స్ఫటికాలు బరువెక్కి కిందికి రాలిపోవడం మొదలుపెట్టారనుకోండి. ఉన్న మంచు తగ్గుతుంది, సూత్రం ఇంకా 2.2 కావాలంటుంది, మోడల్ వెంటనే కొత్తవి పుట్టిస్తుంది. అవీ రాలతాయి, మళ్లీ పుడతాయి. గంటల తరబడి నిలిచే పల్చటి మేఘంలో ఇది ఎండిపోని బావి లాంటిది. నిజంలో రాలిన స్ఫటికం తనలోని ధూళి రేణువుని కూడా తీసుకునే పోతుంది. కాబట్టి వాడిన ఐఎన్‌పీకి వేరే వేరియబుల్ పెట్టండి. మొదటి రోజే పెట్టండి, తర్వాత చేర్చడం చాలా కష్టం.

స్ఫటికాలని పెంచడం

మైనస్ 12 దగ్గర పుట్టిన స్ఫటికం, మైనస్ 19 దగ్గర పుట్టినది ఒకే సైజులో ఉండవు. అన్నిటినీ కలిపి సగటు తీస్తే తప్పు వస్తుంది. అలాగని వేల స్ఫటికాలని విడివిడిగా చూసే ఓపిక మన ల్యాప్‌టాప్‌కి లేదు. పెళ్లి భోజనాల్లో బంతులు వేసినట్టు వేయండి. అర డిగ్రీ చల్లబడిన ప్రతిసారీ ఆ మధ్యలో పుట్టిన వాటిని ఒక బంతిగా కూర్చోబెట్టండి. మైనస్ 5 నుంచి మైనస్ 20 దాకా ముప్ఫై బంతులు అవుతాయి. ఒక్కో బంతికి రెండు సంఖ్యలు: ఎన్ని స్ఫటికాలు, ఒక్కోదాని బరువెంత.

బరువు పెరిగే వేగం సూత్రం:

వేగం = 4 × పై × వ్యాసార్ధం × (మంచు మీద అతిసంతృప్తత) ÷ (వేడి అడ్డు + ఆవిరి అడ్డు)

ఆవిరి అడ్డు అంటే ఆవిరి గాలిలోంచి స్ఫటికం దాకా రావడానికి పడే కష్టం. వేడి అడ్డు అంటే ఆవిరి మంచుగా మారినప్పుడు పుట్టే గుప్తోష్ణం స్ఫటికం నుంచి బయటికి పోవడానికి పడే కష్టం. ఆవిరి అడ్డు = ఆర్వీ × టి ÷ (ఆవిరి వ్యాపన గుణకం × మంచు బాష్పపీడనం). వేడి అడ్డు = (ఎల్ ÷ (ఆర్వీ × టి) − 1) × ఎల్ ÷ (గాలి ఉష్ణవాహకత × టి). ఆర్వీ అంటే నీటి ఆవిరి వాయు స్థిరాంకం, 461.5. ఎల్ అంటే కిలో ఆవిరి మంచుగా మారితే వెలువడే గుప్తోష్ణం, 28.34 లక్షల జౌళ్లు. మైనస్ 15, 500 హెక్టోపాస్కల్స్ దగ్గర ఎస్‌ఐ ప్రమాణాల్లో వేడి అడ్డు 1.1 కోట్లు, ఆవిరి అడ్డు 1.9 కోట్లు రావాలి. ఆ రెండూ వస్తే, నీటికి సంతృప్తంగా ఉన్న గాలిలో గుండ్రటి స్ఫటికం పది నిమిషాల్లో 80 మైక్రాన్ల వ్యాసార్ధం దాటుతుంది, పదిహేను నిమిషాల్లో 100 దాటుతుంది. చుట్టూ ఉన్న బిందువు ఇంకా పది మైక్రాన్ల దగ్గరే ఉంటుంది.

నిజానికి మైనస్ 15 దగ్గర మంచు గుండ్రంగా పెరగదు, పల్చటి పలకల్లా, ఈకల్లా పెరుగుతుంది. మైనస్ 5 దగ్గర స్తంభాల్లా, సూదుల్లా ఉంటుంది. జపాన్‌లో నకయా 1930లలో ప్రయోగశాలలో స్ఫటికాలని పెంచి ఈ పటం గీశాడు. ఆకారాన్ని బట్టి పెరిగే వేగం మారుతుంది. మొదటిసారి గోళంతోనే కానివ్వండి.

2 మీటర్లు, 0.2 మీటర్లు

ఇప్పుడు అసలు ప్రయోగం. వేగం 2 మీటర్లతో రన్ చేయండి. కూపర్ సంఖ్యలతో మైనస్ 20కి చేరేసరికి మంచు ఉంటుంది, ద్రవనీరు కూడా దాదాపు పూర్తిగా ఉంటుంది, పైగా పెరుగుతూనే ఉంటుంది. మంచు పుట్టగానే నీరంతా మాయమవుతుందని అనుకున్నవాళ్లకి ఇది నిరాశగా ఉంటుంది. మోడల్ తప్పేమో అనుకుంటారు. తప్పు లేదు, నోటుబుక్కు తీయండి.

మైనస్ 15 దగ్గర పార్సెల్ ఒక మీటరు ఎక్కితే ఘనమీటరు గాలిలో సుమారు 0.7 మిల్లీగ్రాముల ఆవిరి నీరుగా మారడానికి సిద్ధమవుతుంది. 2 మీటర్ల వేగంతో సెకనుకి 1.4 మిల్లీగ్రాములు. 80 మైక్రాన్ల స్ఫటికాలు లీటరుకి 100 ఉన్నా సెకనుకి అర మిల్లీగ్రాము మించి తీసుకోలేవు. మిగిలినది బిందువులకే పోతుంది. వేగాన్ని 0.2 చేస్తే అందుబాటులోకి వచ్చేది 0.14 మిల్లీగ్రాములే. అప్పుడు లీటరుకి సుమారు 25 స్ఫటికాలు ఉంటే చాలు, అవి వచ్చేదంతా తాగేసి, బిందువుల దగ్గర ఉన్నది కూడా లాక్కోవడం మొదలుపెడతాయి. కొరొలెవ్, మాజిన్ 2003లో ఈ హద్దుని లెక్కగట్టి చూపించారు. మీ మోడల్‌లో కూపర్ ఫంక్షన్‌ని కాసేపు ఆపేసి, మంచు సంఖ్యని మీరే 1, 10, 25, 100 అని పెడుతూ 0.2 మీటర్లతో రన్ చేస్తే ఆ హద్దు మీ కళ్ల ముందే కనిపిస్తుంది. నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

లీటరుకి ఒకే స్ఫటికం ఉన్న మేఘం నీటిని తినడానికి ఎంత సమయం పడుతుందో కూడా చూడండి. బిందువులు అదనపు ఆవిరిని ఒకటి రెండు సెకన్లలో సర్దేస్తాయని చెప్పాను కదా. 100 మైక్రాన్ల స్ఫటికాలు లీటరుకి ఒకటే ఉంటే, అదే సర్దుబాటుకి ఐదు గంటలకు పైగా పడుతుంది. ఉత్తర ధ్రువం వైపు పల్చటి మేఘాలు మైనస్ 15 దగ్గర రోజుల తరబడి ద్రవనీటితో నిలిచి ఉండటానికి ఇదొక పెద్ద కారణం. 2008 ఏప్రిల్‌లో అలాస్కా మీద కొలిచిన అలాంటి ఒక మేఘాన్ని తీసుకుని, పలు దేశాల మోడళ్లని లీటరుకి 0, 1, 4 స్ఫటికాలతో నడిపి పోల్చారు. అంత చిన్న సంఖ్యల మీదే మేఘం బతుకు ఆధారపడి ఉంది. నేను తప్పుగా పుట్టించిన 1100ని అక్కడ పెడితే ఆ మేఘం చాలా త్వరగా ఖాళీ అయ్యేది.

మైనస్ 38 దాటాక పని సులువు. మిగిలిన బిందువులన్నిటినీ ఒకేసారి గడ్డకట్టించేయండి. అప్పుడు ఉష్ణోగ్రత గీతలో చిన్న మెట్టు కనిపించాలి. గడ్డకట్టే గుప్తోష్ణానికి సున్నా డిగ్రీల దగ్గరి విలువ వాడితే, కిలో గాలిలో 1 గ్రాము నీరు గడ్డకడితే ఆ గాలి 0.33 డిగ్రీలు వేడెక్కుతుంది. బిందువులే లేని ఎత్తైన సిర్రస్ మేఘాలకి మాత్రం ఇది చాలదు, దానికి 2000లో కూప్ బృందం ఇచ్చిన పద్ధతి చదవాలి. అది ఇంకో శనాదివారం.

నమ్మే ముందు

నేను ప్రతి రన్ తర్వాత నాలుగు చూస్తాను. ఆవిరి, నీరు, మంచు మూడూ కూడితే మొదటి నుంచి చివరి దాకా మారకూడదు, పదో దశాంశం దగ్గర తేడా ఉంటే ఫర్వాలేదు, మూడో దశాంశం దగ్గర ఉంటే నీరు ఎక్కడో కారుతోంది. టైమ్ స్టెప్ సగం చేస్తే జవాబు మారకూడదు. ఐఎన్‌పీ సున్నా పెడితే మైనస్ 38 దాకా ఒక్క స్ఫటికం కూడా కనిపించకూడదు. ద్రవనీరు ఉన్నంతసేపు మంచు మీద సంతృప్తత మైనస్ 10 దగ్గర 1.10, మైనస్ 20 దగ్గర 1.21, మైనస్ 30 దగ్గర 1.34 చుట్టూ ఉండాలి. రెండోది ఒక్కటి మొదటి రోజే చేసి ఉంటే నాకు మూడు వారాలు మిగిలేవి.

ఒక పార్సెల్ చెప్పలేనివి చాలా ఉన్నాయి. స్ఫటికాలు రాలడం, బిందువులు వాటికి అంటుకుని గట్టిపడటం, ఆ అంటుకునేటప్పుడు చిన్న ముక్కలు చిమ్మడం ఇందులో లేవు. ఆ చివరిదాన్ని 1974లో హ్యాలెట్, మాసప్ ప్రయోగశాలలో చూశారు. మైనస్ 3కీ మైనస్ 8కీ మధ్య, మైనస్ 5 దగ్గర ఎక్కువగా, అంటుకున్న ప్రతి మిల్లీగ్రాముకి సుమారు 350 ముక్కలు వచ్చాయి. విమానాలు కొలిచిన స్ఫటికాలు ఐఎన్‌పీ కంటే వందల రెట్లు ఉన్నప్పుడు శాస్త్రవేత్తలు ముందు అనుమానించేది దీన్నే. కాబట్టి మీ మోడల్‌లో స్ఫటికాలు తక్కువ వచ్చాయని ఐఎన్‌పీ సంఖ్యని పెంచి సరిపెట్టకండి. లెక్క కుదురుతుంది, కారణం మాత్రం తప్పవుతుంది.

ఇదంతా అయ్యాక డబ్ల్యూఆర్‌ఎఫ్ తెరవండి. అందులో నిజమైన భూమి, పటాలు ఏవీ అక్కర్లేని, ఒకే ఒక ఉరుముల మేఘాన్ని నడిపే ఆదర్శ కేసు ఉంటుంది. మైక్రోఫిజిక్స్ (మేఘం లోపలి నీరు, మంచు లెక్కలు చేసే భాగం) నంబరు 10 పెడితే మోరిసన్ స్కీమ్, 8 పెడితే థాంప్సన్. మోరిసన్ ఫైలు తెరిచి 0.304 అనే సంఖ్య కోసం వెతకండి. కూపర్ సూత్రం దొరుకుతుంది. దాని పైనే షరతు ఉంటుంది: నీటికి సంతృప్తంగా ఉండి మైనస్ 8 కంటే చల్లగా ఉంటే, లేదా మంచు మీద సంతృప్తత 1.08 దాటితే. కిందనే పరిమితి ఉంటుంది, లీటరుకి 500 మించకూడదని. ఆ తర్వాతి లైనులో, సూత్రం చెప్పిన సంఖ్య లోంచి ఏది తీసేస్తున్నారో జాగ్రత్తగా చూడండి. మంచు స్ఫటికాలు, హిమం, గ్రాపెల్ అనే మెత్తటి వడగళ్లు, మూడింటి సంఖ్యా కలిపి తీసేస్తారు. స్ఫటికం పెరిగి హిమం జాబితాలోకి వెళ్లిపోయినా దాని ఐఎన్‌పీ ఖర్చయినట్టే లెక్క. మేఘం నుంచి రాలిపోయినవి మాత్రం ఆ లెక్కలో ఉండవు.

అనంతపురం అమ్మాయికి ఆ లైను చదవమని చెప్పాను. అరగంట తర్వాత ఫోన్ చేసి, "అక్కా, రాలిపోయిన వాటిని దాచుకునే వేరియబుల్ ఇందులో లేదు కదా, నేను చేర్చనా?" అని అడిగింది. ముందు పార్సెల్‌లో చేర్చి, టైమ్ స్టెప్ సగం చేసి చూసి, ఆ గ్రాఫు నాకు పంపమన్నాను.